ఖజానాకు లోటు వస్తే కోయాల్సింది పన్నులనా, ఖర్చులనా?

ప్రశ్న: మాది వరంగల్. స్టేషన్ రోడ్డు దగ్గర సిమెంటు, పైపులు, శానిటరీ సామాను దుకాణం నడుపుతున్నాను. నా భార్య ప్రభుత్వ ఉపాధ్యాయురాలు, వచ్చే ఏడాది రిటైర్ అవుతుంది. పంచాయతీ పనులు, బడి పనులు చేసే చిన్న కాంట్రాక్టర్లకు ఇచ్చిన ఉద్దెర 9 లక్షల దాకా నిలిచిపోయింది. అడిగితే సర్కారు బిల్లులు పడలేదంటున్నారు. ఆమె రిటైర్మెంటు డబ్బుతో హన్మకొండ వైపు ప్లాటు కొందామనుకున్నాం. రాష్ట్రానికి ఆదాయం చాలనప్పుడు పన్నులు తగ్గిస్తే వ్యాపారం లేస్తుందని మా వర్తక సంఘంలో కొందరు, ముందు ఖర్చులు కోయాలని మరికొందరు అంటున్నారు. ఏది సరైనది? మేమేం చేయాలి?

జవాబు: నా అభిప్రాయం ముందే చెబుతాను. లోటు ఉన్న ఏడాదిలో రాష్ట్రం పన్నులు తగ్గించకూడదు. ఖర్చు తగ్గించక తప్పకపోతే, ఇప్పటికే పూర్తయిన పనుల బిల్లుల జోలికీ, సగంలో ఉన్న నిర్మాణాల జోలికీ పోకుండా తగ్గించాలి. ఆచరణలో మాత్రం మొదట ఆగేవి ఆ బిల్లులే. మీ ఖాతా పుస్తకంలోని 9 లక్షలు అలా ఆగిన డబ్బే.

పన్ను తగ్గింపు వద్దనడానికి కారణం రాష్ట్రం చేతులు కట్టేసి ఉండటం. కేంద్రానికి ఉన్నంత వెసులుబాటు రాష్ట్రానికి లేదు. ద్రవ్య బాధ్యత చట్టం ప్రకారం రాష్ట్ర ద్రవ్యలోటు, అంటే రాబడి చాలక అప్పుతో పూడ్చుకునే మొత్తం, సాధారణంగా రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం దాటకూడదు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు తీసుకోవాలంటే రాజ్యాంగంలోని 293వ అధికరణ ప్రకారం కేంద్రం సమ్మతి కావాలి. మంగళవారాల్లో రిజర్వు బ్యాంకు నిర్వహించే వేలంలో బాండ్లు అమ్మి రాష్ట్రాలు తెచ్చుకునే అప్పు కూడా ఈ పరిమితికి లోబడే ఉంటుంది. అందువల్ల అప్పు పరిమితి అంచుకు చేరిన రాష్ట్రం 1,000 కోట్ల పన్ను వదులుకుంటే, ఆ 1,000 కోట్లు అదే ఏడాది ఎవరో ఒకరికి అందాల్సిన చెల్లింపుల్లోంచే తగ్గుతాయి.

పైగా రాష్ట్రం ఒంటరిగా తగ్గించగల పన్నులు ఎక్కువేమీ లేవు. 2017 జులై 1 నుంచి మీ సరుకు మీద పన్ను రేటు జీఎస్టీ కౌన్సిల్ చేతిలో ఉంది. 2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. తగ్గింపు మొత్తం కొనేవారికి చేరితే 350 రూపాయల బస్తా మీద సుమారు 27 రూపాయలు మిగులుతుంది. ఆ నిర్ణయంలో రాష్ట్రాలకు ఓటు ఉంది కానీ, ఏ రాష్ట్రమూ తనంతట తాను అలా తగ్గించే వీలు లేదు. రాష్ట్రం చేతిలో మిగిలినవి పెట్రోలు, డీజిలు, మద్యం మీద పన్నులు, వాహన పన్ను, రిజిస్ట్రేషన్ చార్జీలు.

రిజిస్ట్రేషన్నే తీసుకోండి. తెలంగాణలో ఆ చార్జీలు 2021 జులైలో 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగాయి. ప్రభుత్వ విలువ 15 లక్షలున్న ప్లాటుకు ఇప్పుడు 1,12,500 రూపాయలు కట్టాలి. పాత రేటుకు తగ్గిస్తే మీకు 22,500 మిగులుతుంది. అదే సమయంలో ఆగిపోయిన 9 లక్షలను మీరు 12 శాతం వడ్డీకి బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) అప్పుతో నెట్టుకొస్తున్నారనుకుంటే, నెలకు 9,000 చొప్పున రెండున్నర నెలల్లోనే ఆ 22,500 వడ్డీకి పోతుంది. పన్ను తగ్గించడం వల్ల ఖజానాలో డబ్బు మరింత తగ్గి మీ కాంట్రాక్టర్ల బిల్లులు ఇంకో మూడు నెలలు ఆలస్యమైతే, మీకు మిగిలేది నష్టమే.

పన్నులు తగ్గిస్తే వ్యాపారం పెరిగి ఆదాయం తిరిగి వస్తుందన్న వాదనను అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం నిజంగానే అమలు చేసి చూసింది. గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ హయాంలో 2012లో ఆదాయ పన్ను గరిష్ఠ రేటును 6.45 నుంచి 4.9 శాతానికి తగ్గించారు. చిన్న వ్యాపారాల్లో చాలావాటి లాభాల మీద రాష్ట్ర పన్నునే ఎత్తేశారు. ఆశించిన వృద్ధి రాలేదు, ఆదాయం పడిపోయింది. రోడ్ల నిధిలోంచి డబ్బు మళ్లించారు, బడుల నిధులు వివాదంలో పడ్డాయి, రాష్ట్ర రుణ రేటింగు తగ్గింది. చివరికి 2017లో సొంత పార్టీ మెజారిటీ ఉన్న శాసనసభే గవర్నర్ వీటోను తోసిపుచ్చి ఆ తగ్గింపులను చాలా వరకు రద్దు చేసింది. కాన్సస్‌కు, మనకు పోలిక పూర్తిగా కుదరకపోవచ్చు. అయినా బడ్జెట్ సరితూగాల్సిన రాష్ట్రంలో పన్ను తగ్గింపు భారం చివరికి రోడ్ల మీద, బడుల మీద పడుతుందని అక్కడి అనుభవం చూపింది.

ఇక ఖర్చు తగ్గించాలనే వారి మాట. జీతాలు, పెన్షన్లు, వడ్డీలు ఏ నెలకానెల కట్టక తప్పనివి. వాటినే కోస్తే ఏమవుతుందో 2020 మార్చి చివర మనం చూశాం. లాక్‌డౌన్‌తో రాబడి పడిపోగానే రాష్ట్రం ఐఏఎస్ అధికారుల జీతంలో 60 శాతం, మిగతా ఉద్యోగుల్లో చాలామందికి 50 శాతం, నాలుగో తరగతి సిబ్బందికి, కాంట్రాక్టు ఉద్యోగులకు 10 శాతం ఆపింది. పెన్షన్లలోనూ సగం కోత పడింది. మీ శ్రీమతికి ఆ నెలలు గుర్తుండే ఉంటాయి. ఆ డబ్బు తర్వాత వాయిదాల్లో తిరిగి వచ్చినా, రావాల్సిన నెలలో రాని జీతం ఇంటి ఖర్చునూ, దాని వెంటే బజారునూ తగ్గించేస్తుంది.

అందుకే మామూలు రోజుల్లో కోత పనుల మీద పడుతుంది, అదీ ఎవరూ ప్రకటించకుండానే. పని పూర్తవుతుంది, కొలతలు రికార్డవుతాయి, బిల్లుకు ఖజానాలో టోకెన్ (వరుస నంబరు) పడుతుంది, డబ్బు మాత్రం పడదు. లెక్కల్లో ఆ ఏడాది ఖర్చు తగ్గినట్టు కనిపిస్తుంది. నిజానికి ప్రభుత్వం తన అప్పును కాంట్రాక్టరు మీదికి, కాంట్రాక్టరు మీ మీదికి, మీరు మీ బ్యాంకు మీదికి నెట్టారు. రాష్ట్రం బాండ్ల మీద తెచ్చుకునే అప్పు కంటే మీ ఓడీ వడ్డీ ఎక్కువ కాబట్టి, అందరికంటే ఖరీదైన అప్పు ఇదే. దీన్ని పొదుపు అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. మీ 9 లక్షల్లో 18 శాతం రేటున సుమారు 1.37 లక్షలు జీఎస్టీయే. కొంత సరుకు కొన్నప్పుడు, మిగతాది రిటర్ను వేసినప్పుడు అది మీ జేబు నుంచే పోయింది.

మరి కోయాల్సింది ఎక్కడ? డబ్బు చూసుకోకుండా మొదలుపెట్టే కొత్త పనుల్లో, అవసరం లేనివారికి చేరే సాయంలో. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు భూమికి పరిమితి పెట్టలేదు. పెద్ద పెద్ద కమతాలున్న వారికీ, సాగులో లేని భూమికీ ఎకరాల లెక్కన డబ్బు అందింది. 2025లో రైతు భరోసాలో సాగుకు పనికిరాని భూములను తీసేయడం సరైన దిశలో వేసిన అడుగని నా ఉద్దేశం. కలిగినవారి మీద కొంత పన్ను పెంచాల్సి వచ్చినా, పేదల చేతికి వెళ్లే ఖర్చును కోయడం కంటే అది తక్కువ హాని చేస్తుందని ఆర్థికవేత్తలు జోసెఫ్ స్టిగ్లిట్జ్, పీటర్ ఓర్స్‌జాగ్ 2001లోనే అమెరికా రాష్ట్రాలను ఉద్దేశించి వాదించారు. ఉన్నవారు పన్నులో కొంత భాగాన్ని పొదుపులోంచి కడతారు, లేనివారు మాత్రం చేతికొచ్చిన ప్రతి రూపాయినీ బజారులోనే ఖర్చు చేస్తారు. ఎనుమాముల మార్కెట్లో పత్తి, మిర్చి డబ్బు చేతికొచ్చిన వారాల్లో మీ గల్లాపెట్టె ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. మీ శ్రీమతి నియామకం 2004 సెప్టెంబరుకు ముందుదని, అంటే ఆమెకు పాత పెన్షన్ విధానమే వర్తిస్తుందని అనుకుని చెబుతున్నాను. గ్రాట్యుటీ, సెలవుల నగదు, జీపీఎఫ్ (భవిష్య నిధి) ఫలానా నెలలో వస్తాయని నమ్మి ప్లాటుకు బయానా ఇవ్వకండి. రిటైరైన వారికి ఇవి నెలల తరబడి ఆలస్యమవుతున్న సంగతి ఆమె సహోద్యోగులే చెబుతారు. బయానా ఇచ్చాక గడువు దాటితే అది పోవచ్చు, లేదా మిగతా సొమ్ముకు ప్రైవేటు ఫైనాన్స్ దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. డబ్బు ఖాతాలో పడ్డాకే ప్లాటు మాట ఎత్తండి. ఈలోగా ఏడాది ఇంటి ఖర్చుకు సరిపడా సొమ్ము బ్యాంకు డిపాజిట్లో విడిగా ఉంచండి. నడుస్తున్న చిట్టీ ఉంటే తొందరపడి పాడకుండా, ఆలస్యం నిజంగా ఇబ్బంది పెట్టే రోజుకు దాచుకోండి.

డబ్బు వచ్చాక అంతా ప్లాటులో పెట్టడం కూడా నాకు సమ్మతం కాదు. మీ దుకాణం రాబడి ఇప్పటికే సర్కారు చెల్లింపుల మీద ఆధారపడి ఉంది, పెన్షనూ అక్కడి నుంచే రావాలి. కనీసం 15 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో పెడితే, ప్రస్తుత 8.2 శాతం రేటున మూడు నెలలకోసారి 30,750 రూపాయలు చేతికొస్తాయి. ఇది కేంద్రం నుంచి వచ్చే డబ్బు కాబట్టి రాష్ట్ర ఖజానా ఇబ్బందితో దీనికి సంబంధం ఉండదు. కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి నగదుగా తీసుకోవడం) పూర్తిగా 40 శాతం తీసుకుంటే పెన్షన్ 15 ఏళ్ల పాటు ఆ మేరకు తగ్గుతుంది, కాబట్టి ప్లాటు కోసమే దానికి ఒప్పుకోకండి. సర్వీసు పుస్తకంలో సెలవుల ఖాతా, నామినీ వివరాలు ఇప్పుడే సరిచూసుకుంటే కనీసం కాగితాల వల్ల ఆలస్యం కాదు.

ఉద్దెర విషయంలో కొంచెం గట్టిగా ఉండాలి. సర్కారు పనుల కాంట్రాక్టర్లందరికీ కలిపి మీ నెల అమ్మకంలో నాలుగో వంతు దాటకుండా హద్దు పెట్టుకోండి. పాత బాకీ కొంతైనా కట్టకుండా కొత్త సరుకు ఇవ్వకండి. బాకీదారు జీఎస్టీలో నమోదై ఉంటే ఒక నిబంధన మీకు ఉపయోగపడుతుంది: ఇన్వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లోగా మీకు డబ్బు కట్టకపోతే, ఆ బిల్లు మీద అతను వాడుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొనుగోలు మీద కట్టిన జీఎస్టీని తన పన్నులో తగ్గించుకున్న మొత్తాన్ని) వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. 150 రోజులు దాటిన ప్రతి ఇన్వాయిస్ మీద ఈ సంగతి గుర్తు చేస్తూ రాతపూర్వకంగా ఒక ఉత్తరం పంపండి, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి.