పెల్లెట్ పొయ్యి పొగ పెడుతుంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రంపపు పొట్టు, పత్తి కట్టె, ఊక లాంటివాటిని పొడి చేసి, మిషన్‌లో ఒత్తి తీసిన 6 నుంచి 8 మిల్లీమీటర్ల లావు గుళికలే పెల్లెట్లు. వీటితో నడిచే పొయ్యి గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం.

హన్మకొండలో మాది చిన్న కర్రీ పాయింట్. ఆరు నెలల కింద తొట్టి, బ్లోయర్ ఉన్న పెల్లెట్ పొయ్యి కొన్నం. మొదట్ల మంచిగ మండేది. ఇప్పుడు ఒకటే పొగ, గిన్నెల అడుగులన్నీ మసి. బ్లోయర్ మార్చాలంటున్నరు. మార్చమంటరా?

ఇప్పుడే మార్చకండి. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు బ్లోయర్ ఒక్కటే ఆన్ చేసి, దాని మూతి దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. గాలి గట్టిగా కొడుతుంటే లోపం బ్లోయర్‌లో లేదు, ఆ గాలి పోయే దారిలో ఉంది.

పెల్లెట్ వేడెక్కగానే ముందు గ్యాస్ వదులుతుంది. ఆ గ్యాస్‌కు పైన గాలి సరిపడా అందితే మంట అవుతుంది, అందకపోతే పొగై బయటికొస్తుంది. అందుకే ఈ పొయ్యిల్లో గాలికి రెండు దారులు పెడతారు. ఒకటి కింద జాలీ గుండా, రెండోది మంట కుండ (పెల్లెట్లు మండే కుండ) పై అంచు చుట్టూ ఉండే సన్న రంధ్రాల గుండా. కింది గాలి గ్యాస్ పుట్టిస్తుంది, పై గాలి దాన్ని కాలుస్తుంది. జాలీ మూసుకుపోతే మంట మందగిస్తుంది. పై రంధ్రాలు మూసుకుపోతే మాత్రం మీరు చెప్పినట్టు పొగ, మసి. చాలామంది జాలీ ఒక్కటే దులుపుతారు, పై రంధ్రాల జోలికే పోరు. పొంగిన పప్పు, కారిన నూనె, బూడిద కలిసి అక్కడ రాయిలా గట్టిపడతాయి.

పొయ్యి పూర్తిగా చల్లారాక ప్లగ్ తీసేయండి. మంట కుండ బయటికి తీసి, ఒక్కో రంధ్రంలోకీ దానికి సరిపోయే మేకు దూర్చి శుభ్రం చేయండి. డ్రిల్లు పెట్టి రంధ్రాలు పెద్దవి చేయొద్దు. గాలి వేగం తగ్గిపోయి, మంటలోకి దూరాల్సిన గాలి అంచునే తచ్చాడుతుంది. తర్వాత బ్లోయర్ నుంచి కుండ దాకా ఉన్న గొట్టం విప్పి లోపల పేరుకున్న బూడిద దులపండి. బ్లోయర్ రెక్కలకు పిండి, జిడ్డు పట్టి ఉంటే పొడి బ్రష్‌తో తీయండి. నీళ్లు తగలనీయొద్దు.

ఇంకో రెండు సంగతులు చూడండి. గిన్నె ఆనే కాళ్లు వేడికి వంగిపోయి, గిన్నె అడుగు మంట కుండ అంచుకు ఆనుతోందేమో. మధ్యలో కనీసం ఒకటిన్నర సెంటీమీటర్ల సందు లేకపోతే కాలిన గాలికి బయటికి దారి ఉండదు. అలాగే కుండలో పెల్లెట్లు పై రంధ్రాల మట్టం దాటకూడదు. మంట పెంచాలని తొట్టి ఎక్కువ వదిలితే పెరిగేది పొగే.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే తప్పు పెల్లెట్లదే. ఒక పిడికెడు పెల్లెట్లు తీసి నీళ్లలో వేయండి. మంచి పెల్లెట్ వెంటనే మునుగుతుంది, కాసేపటికి ఉబ్బి విచ్చుకుంటుంది. తేలితే ఒత్తిడి చాలక వదులుగా తయారైనదని అర్థం. బస్తా అడుగున పొడి ఎక్కువుంటే జల్లెడ పట్టి వాడండి. ఆ పొడి జాలీ మీద పరుచుకుని గాలిని అక్కడే ఆపేస్తుంది. తేమ 10 శాతం దాటితే ఏ పొయ్యీ సరిగ్గా మండదు. వానాకాలంలో బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టండి.

పరకాల దగ్గర మాది పెంకుటిల్లు. వంటింట్ల పెల్లెట్ పొయ్యి పెడదామనుకుంటున్నం. పొగగొట్టానికి ఇంట్లనే ఉన్న 4 అంగుళాల పీవీసీ పైపు వాడొచ్చా?

వాడకూడదు. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, పొయ్యి నుంచి వచ్చే గాలి అంతకంటే చాలా వేడి. పైపు కుంగిపోయి దారి మూసుకుంటే పొగ ఇంట్లోకి తిరుగుతుంది. అంటుకుంటే విషపు వాయువు వస్తుంది.

జీఐ పైపు గానీ స్టెయిన్‌లెస్ స్టీల్ పైపు గానీ తీసుకోండి. ఇంటి పొయ్యికి 4 అంగుళాలు చాలు. పొయ్యి మీద 2 అడుగుల ఎత్తున రేకు గుమ్మటం కట్టి, దాని మెడ నుంచి పైపు నేరుగా పైకి తీయండి. గుమ్మటం నాలుగు పక్కలా పొయ్యి కంటే జానెడు వెడల్పుండాలి. ఒంపులు ఎంత తగ్గితే అంత మంచిది. తప్పదనుకుంటే 90 డిగ్రీల మోచేతి ముక్క ఒకటి పెట్టే బదులు 45 డిగ్రీలవి రెండు పెట్టండి, మసి అంతగా నిలవదు.

పెంకుటిల్లు అన్నారు కాబట్టి అసలు ప్రమాదం పైకప్పు దగ్గర. వాసాలు, దూలాలు ఏళ్ల తరబడి ఎండి పేళ్లలా ఉంటాయి. ఒంటి పొర పైపుకు, కర్రకు మధ్య 18 అంగుళాల ఎడం ఉండాలి. ఇంట్లో అంత ఎడం దొరకడం కష్టం. అందుకని పైపును కప్పు గుండా కాకుండా, కర్రకు దూరంగా ఇటుక గోడలోంచి బయటికి తీసి, బయట గోడ వెంట పైకి ఎక్కించడం మేలు. గోడలో పైపు చుట్టూ సందును మట్టితో గానీ సిమెంటుతో గానీ పూడ్చండి, థర్మోకోల్, ఫోమ్ వద్దు. బయట పైపు కూడా చూరు వాసాలకు అంతే ఎడంగా పోవాలి. గొట్టం కొస పైకప్పు దాటి 3 అడుగులు లేవాలి, చుట్టూ 10 అడుగుల లోపల ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుండాలి. అంతకన్నా తక్కువైతే ఈదురుగాలికి పొగ వెనక్కి తంతుంది. పైన వాన టోపీ, కింద మసి తీసుకునే మూత ఉన్న T ఆకారపు పైపు ముక్క మరిచిపోవద్దు. పొయ్యి కింద నాపరాయి గానీ సిమెంటు గానీ ఉండాలి. పెల్లెట్ బస్తాలు కనీసం 3 అడుగుల దూరంలో పెట్టండి.

గొట్టం ఉంది కదా అని కిటికీ మూయొద్దు. పోయిన గాలికి బదులు గాలి లోపలికి రావాలి, లేకపోతే గొట్టం లాగలేదు.

ఉట్నూరు దిక్కు మాకు చలికాలం రాత్రిళ్లు బాగ సలి. వంట అయినంక పొయ్యిల నిప్పులు మిగుల్తయి. పొగ కూడ ఉండదు. పడుకునే అర్రల పెట్టుకోవచ్చా?

వద్దు. ఒక్క రాత్రి కూడా వద్దు. పొగ లేదన్న ధైర్యమే ఇక్కడ ప్రాణం తీస్తుంది. మంట ఆరి నిప్పులు మిగిలినప్పుడే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ముందు తలనొప్పి, వికారం, మత్తు. నిద్రలో ఉన్నవాళ్లకు అవి తెలియవు, లేవరు. బొగ్గుల కుంపటికీ ఇదే మాట.

మిగిలిన నిప్పుల మీద మూత పెట్టి ఆరుబయటే ఉంచండి. అర్రలో ఇప్పటికే ఎవరికైనా తలతిరుగుడు, వాంతి వచ్చినట్టుంటే అందరినీ బయటి గాలికి తీసుకురండి, 108కి ఫోన్ చేయండి. పసిపిల్లలు, ముసలివాళ్లు, గర్భిణులు ముందు.

కాజీపేట నుంచి రాస్తున్నాను. శీతాకాలం మా బిడ్డ దగ్గరికి అమెరికాలోని మిన్నెసోటా పోతున్నాం. వాళ్లింట్లో గది వేడి చేసే పెల్లెట్ స్టవ్ ఉంది. అంటుకుంటుంది, పావుగంటలో ఆరిపోతుంది, అద్దం నల్లబడుతుంది. అల్లుడుగారు బోర్డు మార్చాలంటున్నారు. మేము పోయి చూడగలిగేది ఏమైనా ఉందా?

ఉంది. కంట్రోల్ బోర్డు చివరగా చూడాల్సింది. ముందు ఆ స్టవ్ ఎలా నడుస్తుందో తెలుసుకోండి, లోపం దానంతటదే దొరుకుతుంది.

తొట్టిలోని పెల్లెట్లను ఆగర్ అనే మర తిప్పుతూ కొద్దికొద్దిగా మంట గిన్నెలో వేస్తుంది. ఇగ్నైటర్ వాటిని అంటిస్తుంది. ఒక ఫ్యాను పొగను బయటి గొట్టంలోకి లాగుతుంది, ఇంకో ఫ్యాను గది గాలిని వేడి చేసి తిరిగి గదిలోకి వదులుతుంది. పొగ లాగే ఫ్యాను వల్ల లోపల గాలి ఒత్తిడి తగ్గుతుంది. అలా తగ్గిందని వ్యాక్యూమ్ స్విచ్ చెబితేనే ఆగర్ తిరుగుతుంది. తలుపు సరిగ్గా పడకపోయినా, గొట్టం మూసుకుపోయినా ఆ స్విచ్ ఆగర్‌ను ఆపేస్తుంది. అది రక్షణ, దాన్ని తప్పించి వైరు కలపమని ఎవరు చెప్పినా వినొద్దు.

అద్దం నల్లబడుతోందంటే మంటకు గాలి చాలడం లేదు. కాబట్టి ఈ వరుసలో చూడండి.

స్టవ్ ఆపి, చల్లారాక ప్లగ్ తీయండి. మంట గిన్నె తీసి దాని రంధ్రాలు ఒక్కోటీ తెరిచి ఉన్నాయో లేదో వెలుతురుకు పట్టి చూడండి. అడుగున కమ్మరి కొలిమిలో వచ్చే చిట్టెం లాంటి గడ్డ ఉంటే గీకి తీయండి. గిన్నె తిరిగి పెట్టేటప్పుడు ఇగ్నైటర్ రంధ్రానికి ఎదురుగా, కదలకుండా కూర్చోవాలి. రోజూ నడిచే స్టవ్‌కు ఇది ఒకటి రెండు రోజులకోసారి చేయాల్సిన పని.

తర్వాత తలుపు. కాగితం ముక్క మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి. తేలిగ్గా జారి వస్తే అక్కడ గాస్కెట్ తాడు (సందులోంచి గాలి రాకుండా తలుపు అంచున ఉండే తాడు) అరిగింది. చుట్టూ నాలుగైదు చోట్ల ఇలా చూడండి. బూడిద ట్రే తలుపునూ వదలొద్దు. తలుపు సందులోంచి దొంగగాలి వస్తే మంట గిన్నె కింది నుంచి రావాల్సిన గాలి తగ్గిపోతుంది.

ఆ తర్వాత బూడిద అరలు, పొగ ఫ్యాను గది, గొట్టం. గొట్టాన్ని సుమారు ఒక టన్ను కాల్చాక ఒకసారి శుభ్రం చేయాలి. అమెరికాలో 40 పౌండ్ల సంచులు 50 అంటే వాళ్ల లెక్కలో ఒక టన్ను. బయట గొట్టం మూతికి, గాలి తీసుకునే పైపుకు మంచు కమ్మిందా, పిట్ట గూడు ఉందా చూడండి. మూతి నేల నుంచి గానీ పేరుకున్న మంచు నుంచి గానీ అడుగు ఎత్తుండాలి. తెరుచుకునే కిటికీ దగ్గరైతే దానికి 4 అడుగులు కింద గానీ పక్కకు గానీ, లేదా అడుగు పైన ఉండాలి.

ఇన్ని చేసినా సరిగ్గా పావుగంటకే, మంట బాగా ఉండగానే ఆరిపోతుంటే అప్పుడు అనుమానించాల్సింది మంట ఉందని బోర్డుకు చెప్పే వేడి స్విచ్. పొగ గొట్టం మొదట్లో నాణెమంత బిళ్లలా ఉంటుంది. పొగ వేడి తగిలితే అది కలవాలి. మసి పట్టినా, చెడినా కలవదు, బోర్డు ‘మంట అంటుకోలేదు’ అనుకుని పెల్లెట్లు ఆపేస్తుంది. మంటే రాకుండా పచ్చి పెల్లెట్లు పేరుకుంటే ఇగ్నైటర్ చూడాలి. ఆగర్ తిరుగుతున్నా పెల్లెట్లు పడకపోతే తొట్టి అడుగున పొట్టు బిగుసుకుంది. తొట్టి ఖాళీ చేసి తీయండి, కానీ ప్లగ్ పెట్టి ఉండగా చెయ్యి పెట్టొద్దు. ఈ స్విచ్‌లను మీటరుతో పరీక్షించడం మెకానిక్ పని.

బూడిదను మామూలు వ్యాక్యూమ్ క్లీనర్‌తో తీయొద్దు. లోపల దాగిన నిప్పురవ్వ ఒకటి చాలు దాని సంచి అంటుకోవడానికి. బూడిదలో నిప్పు ఒక రోజు దాటి కూడా బతుకుతుంది. మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి ఇంటి బయట, చెక్క మెట్లకు దూరంగా పెట్టండి. కరెంటు పోతే పొగ లాగే ఫ్యాను ఆగుతుంది. అప్పుడు స్టవ్ తలుపు తెరవకండి. స్టవ్ ఉన్న గదిలో, పడకగది దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో దిగిన రోజే అడగండి, బటన్ నొక్కి మోగించి చూడండి.

ఊక పెల్లెట్లు చవక, కట్టె పెల్లెట్లు పిరం. ఏవి తీసుకోవాలె? ఒక గ్యాస్ బండకు ఎన్ని కిలోలు పడ్తయి? (నర్సంపేట)

కిలో ధర కాదు, కిలోకు వచ్చే వేడి లెక్క పెట్టండి. కట్టె పెల్లెట్ కిలోకు సుమారు 4,000 కిలోకేలరీలు, ఊక పెల్లెట్ సుమారు 3,200, గ్యాస్ సుమారు 11,000. గ్యాస్ స్టవ్ అందులో మూడింట రెండొంతులు గిన్నెకు ఇస్తుంది, బ్లోయర్ ఉన్న పెల్లెట్ పొయ్యి మూడో వంతు పైచిలుకు ఇస్తుంది. ఈ లెక్కన 14.2 కిలోల బండకు కట్టె పెల్లెట్లు 70 నుంచి 75 కిలోలు, ఊకవైతే 90 కిలోల దాకా పడతాయి.

బూడిదా లెక్కే. ఊకలో ఆరో వంతు దాకా బూడిదే, అంటే ఆ 90 కిలోలకు 15 కిలోలు ఎత్తిపోయాలి. గంటన్నరకోసారి జాలీ దులిపే ఓపిక ఉన్న మెస్సులకు ఊక సరే, ఇంటికి కట్టెవే నయం. పత్తి కట్టె పెల్లెట్లు మధ్యరకం, కానీ వేర్లతో పీకిన కట్టెకు మట్టి అంటుకుని వస్తుంది. మట్టిలోని ఇసుక, పత్తి కట్టెలోని పొటాషియం వేడికి కలిసి కరిగి, చల్లారాక గాజులా గడ్డ కడతాయి. అలాంటి గడ్డలు రోజూ వస్తుంటే పెల్లెట్లు అమ్మేవాళ్లను మార్చండి.

కరెంటు పోతే బ్లోయర్ ఆగి ఇల్లంతా పొగ. ఏం చేయాలి? (జనగామ)

మీ బ్లోయర్ 12 వోల్టులదైతే 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ యూపీఎస్ బ్యాటరీ పెట్టుకోండి. 5 వాట్ల ఫ్యానును 8 గంటలు తేలిగ్గా తిప్పుతుంది. బ్యాటరీ ప్లస్ తీగకు, బ్యాటరీ పక్కనే 2 ఆంపియర్ల ఫ్యూజు వేయించండి. ప్లస్, మైనస్ తారుమారైతే ఈ రకం ఫ్యాను తిరగదు, కాలిపోయిందనుకుని పారేయకండి. వంట అయ్యాక కూడా నిప్పులు ఆరేదాకా ఫ్యాను నడవనీయండి. వెంటనే ఆపితే కింది వేడి ఎగదన్ని ప్లాస్టిక్ రెక్కలు వంకరపోతాయి.