ఉపవాసాలు ఉండేవారు బరువు తగ్గే సర్జరీ చేయించుకోవచ్చా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. షుగర్ ఉంది, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును లెక్కించే సూచీ) 36. డాక్టరుగారు స్లీవ్ సర్జరీ సూచించారు. మేము శాకాహారులం, కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటాను. బంధువులకు చెప్పాలంటే మొహమాటంగా ఉంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: 2022 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం మీకు సర్జరీ సూచించడం సబబే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36 శాతానికి పైగా అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారేనని తేలింది కనుక, మొహమాటానికి కారణం లేదు. పైగా స్లీవ్ సర్జరీలో జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్ని తొలగిస్తారు కాబట్టి, పెళ్లి బంతిలో కొసరి కొసరి వడ్డించే ఆప్యాయతే మీకు పెద్ద చిక్కవుతుంది. దగ్గరివారికైనా అసలు సంగతి చెప్పడం మేలు.

శాకాహారం అడ్డు కాదు గానీ, రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ పలుచని పప్పుచారుతో అందదు. అన్నం కంటే ముందు ముద్దపప్పు, పనీర్, సోయా, గట్టి పెరుగు తినాలి. నీళ్లు భోజనంతోపాటు కాక, అరగంట తర్వాత తాగాలి. బీ12 వంటి విటమిన్లు జీవితాంతం తప్పవు. క్యాప్సూల్ పైపొర తరచుగా జంతువుల నుంచి తీసిన జెలటిన్‌తో చేస్తారు కాబట్టి, పట్టింపు ఉంటే మాత్రలు అడగండి.

మొదటి ఏడాది ఉపవాసాలు మానుకోవడమే నా సలహా. తర్వాత కూడా నీళ్లైనా ముట్టని కఠినోపవాసం వద్దు. పాలు, పెరుగు తీసుకుంటూ ఉండదలిస్తే, షుగర్ మందుల మోతాదు గురించి ముందే డాక్టరును అడగండి.