సమాధానం: మీ విలన్ బేడీలు పాఠకులు ఎందుకు నమ్మడం లేదంటే

మీ క్రైం కథలో విలన్ బేడీలు విప్పుకుని పారిపోతే పాఠకులు ఎందుకు నమ్మడం లేదని అడిగారు కదా. చిక్కంతా చేతులకు ముందువైపు బేడీలు వేయడంలోనే ఉంది. మీ సీఐ కాజీపేట ప్లాట్‌ఫారం మీద హంతకుణ్ణి పట్టుకుని, ముందుకే బేడీలు వేసి, జీపులో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. హన్మకొండ చేరేలోపు వాడు పిన్నుతో తాళం తీసేశాడు. ఎవరు నమ్ముతారండీ?

1. చేతులు వెనక్కి, అరచేతులు బయటికి ఉండేలా వేయించండి.

2. వెంటనే సోదా: జేబులు, నడుము, చెప్పులు. పిన్ను అక్కడే దొరికిపోవాలి.

3. అందరూ మరిచిపోయేది డబుల్ లాక్. బేడీ పట్టీకి రంపంలా పళ్లుంటాయి. వేయగానే టకటకమని బిగుస్తుంది, కదిలితే ఇంకా బిగుస్తుంది. అందుకే తాళంచెవి కొనమీదున్న చిన్న ముల్లుతో పక్కనున్న మీటను నొక్కుతారు. ఇక పట్టీ ముందుకూ పోదు, వెనక్కీ రాదు. అది నొక్కకపోతే పళ్ల సందులో పలుచని రేకు దూర్చి విడిపించుకోవచ్చు. విలన్ పారిపోక తప్పదంటే, రైలు రద్దీలో కానిస్టేబుల్ ఆ మీట నొక్కడం మరిచాడని ఒక్క వాక్యం పెట్టండి. పిన్ను బదులు రేకుముక్క ఇవ్వండి, సోదాలో దొరక్కుండా.

4. కథ 2024 జూలై 1 తర్వాతిదైతే, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 43(3) ప్రకారం హత్య కేసులో బేడీలు వేయొచ్చు. అంతకుముందుదైతే జాగ్రత్త, ఊరికే బేడీలు వేయొద్దని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది.

ఇంకోటి, 2021 తర్వాతి కథైతే వాణ్ణి వరంగల్ సెంట్రల్ జైలుకు పంపకండి. దాన్ని ఆ ఏడాదే కూల్చేశారు.