కనిపెట్టినవారి కథలు ఏ వయసుకు?

ప్రశ్న: మా పాపకు 11 ఏళ్లు, బాబుకు 7 ఏళ్లు. ‘వన్స్ అపాన్ ఎ టైమ్... ద డిస్కవరర్స్’ అనే ఫ్రెంచి కార్టూన్ ధారావాహిక చదువుకు ఎంతో పనికొస్తుందని మా బంధువు ఒకరు చెప్పారు. ఇంగ్లిషు డబ్బింగులో రెండు భాగాలు పెట్టి చూశాము. పాప కదలకుండా చూసింది కానీ బాబు మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. అది బాగా పాతది కూడా. ఇద్దరికీ చూపించవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పాపకు నిస్సంకోచంగా చూపించండి. బాబుకు మాత్రం ఏరి కొన్ని చూపిస్తే చాలు.

ఆల్బేర్ బారిలే 1994లో రూపొందించిన ఈ ధారావాహికలో 26 భాగాలున్నాయి. తెల్లగడ్డం తాత మాస్ట్రో పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, ప్రాచీన చైనాతో మొదలుపెట్టి మనిషి చంద్రుడిపై కాలు మోపిన రోజు దాకా కథ చెప్పుకొస్తాడు. పాతదన్న బెంగ అక్కరలేదు; ఆవిరి యంత్రం పనిచేసే తీరు 1994 తర్వాత మారలేదు. మీ బాబు లేచి వెళ్లిపోవడంలోనూ వింత లేదు. ఒక మనిషి జీవితకాలపు శ్రమను సుమారు 25 నిమిషాల్లో ఇమిడ్చినప్పుడు పేర్లూ సంవత్సరాలూ వరుసగా వచ్చి పడతాయి, ఏడేళ్ల పిల్లవాడు వాటిని పట్టుకోలేడు. కంటికి కనబడేలా ఏదో ఒకటి కదిలే ఆర్కిమెడీస్, హీరో (ప్రాచీన గ్రీకు ఇంజినీరు), రైలింజన్ల స్టీఫెన్‌సన్ భాగాలు వాడికి సరిపోతాయి. ఫారడే, మెండెల్, ఐన్‌స్టీన్ భాగాలను నాలుగేళ్లు ఆగి చూడవచ్చు. 1633లో మత న్యాయస్థానం విచారించిన గెలీలియో, 1794లో గిలటిన్ కింద తల పోగొట్టుకున్న రసాయన శాస్త్రవేత్త లవోయిజర్ భాగాలను ముందుగా మీరు చూసి, ఆ తర్వాతే పిల్లలకు పెట్టండి.

నా అసలు అభ్యంతరం వేరు. చాలా భాగాల పేర్లు ఒక్కొక్క వ్యక్తి పేరు మీదే ఉండటం వల్ల, ఆ వస్తువును ఆయన ఒక్కడే ఒక శుభోదయాన కనిపెట్టాడన్న ముద్ర పిల్లల మనసులో పడిపోతుంది. ‘రేడియోను కనిపెట్టినది ఎవరు?’ అనే బిట్లు కంఠతా పట్టించే మన బడులు ఆ ముద్రను మరింత గట్టిపరుస్తాయి. నిజానికి ఐరోపాలో విడి అక్షరాల అచ్చుకు పేరుపడ్డ గూటెన్‌బర్గ్‌కు 400 ఏళ్ల ముందే చైనాలో బీ షెంగ్ బంకమట్టితో విడి అక్షరాలు చేసి కాల్చి అచ్చుకు వాడాడు. స్టీఫెన్‌సన్‌ల ‘రాకెట్’ అనే రైలింజను 1829లో పరుగెత్తిందంటే, అంతకు పాతికేళ్ల ముందే, 1804లో, వేల్స్‌లో ట్రెవితిక్ చేసిన ఆవిరి ఇంజను పట్టాల మీద నడిచింది. రేడియోకు పేరుపడ్డ మార్కోని భాగం చూసిన రోజున జగదీశ్ చంద్ర బోస్ మాట ఎత్తడం మరచిపోకండి: 1895లో కలకత్తాలో ఆయన విద్యుదయస్కాంత తరంగాలను గోడల గుండా పంపి దూరాన ఉన్న గంటను మోగించాడు. అన్నట్టు, ఈ 26 భాగాల పేర్లలో భారతీయులు ఎవరూ లేరు. స్త్రీ పేరు మేరీ క్యూరీది ఒక్కటే. ఈ సంగతిని మీరు చెప్పడం కన్నా, భాగాల జాబితాను పాప చేతికిచ్చి తనంతట తానే గమనించేలా చేయడం మేలు.

కాబట్టి భాగం పూర్తయ్యాక ఎవరు కనిపెట్టారని పాపను అడగవద్దు. ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో బొమ్మ గీసి చూపించమనండి, అంతకుముందు ఎవరెవరు ఏం చేశారో వెతకమనండి. ఆ బొమ్మ గీయలేకపోతే ఆ భాగం తనకు వినోదంగా మాత్రమే మిగిలిందని గ్రహించి, అదే భాగాన్ని మరో వారం మళ్లీ పెట్టవచ్చు.

బాబుతో హీరో భాగం చూడండి. సుమారు 2000 ఏళ్ల క్రితం అలెగ్జాండ్రియాలో ఆయన, ఆవిరి చిమ్ముతుంటే తిరిగే లోహపు గోళాన్ని వర్ణించాడు. ఇంట్లో ఆవిరితో ఆటలు వద్దు. ఒక ప్లాస్టిక్ సీసాకు అడుగున చుట్టూ నాలుగు రంధ్రాలు, అన్నీ ఒకే వైపుకు ఏటవాలుగా ఉండేలా పొడిచి, మెడకు దారం కట్టి వేలాడదీసి నీళ్లు పోయండి. నీళ్లు ఒకవైపుకు చిమ్ముతుంటే సీసా దానికి ఎదురు దిశలో గిరగిరా తిరుగుతుంది. ఇది పెరట్లో చేయండి. ఒక్క సీసాడు నీళ్లతో వాడు ఆపడు.