పిల్లల పునరాలోచనకు పరికరాలు: కొత్త ఉపాధ్యాయురాలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నెల్లూరు జిల్లా పొదలకూరు మండలంలోని ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాల ఉపాధ్యాయురాలిగా చేరిన నీవు, పిల్లలు తాము నేర్చుకున్నదాన్ని తామే తిరిగి పరిశీలించుకునేలా చేయడానికి తరగతి గోడకుండే పెద్ద డిజిటల్ తెర అయిన ప్యానెల్‌నూ ట్యాబ్‌లనూ ఎలా వాడుకోవాలని అడిగావు. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఈ విషయంలో పరికరం చేయవలసిన ముఖ్యమైన పని పిల్లవాడి నిన్నటి ఆలోచనను చెరిగిపోకుండా దాచి, తగిన రోజున దాన్ని మళ్లీ అతని ముందు పెట్టడం. నల్లబల్ల మీద రాసింది గంట కొట్టాక చెరిగిపోతుంది; పాఠం మొదట్లో తాను ఏమనుకున్నాడో వారం తర్వాత పిల్లవాడికి గుర్తుండదు కాబట్టి, తన ఆలోచన ఎక్కడ, దేనివల్ల మారిందో అతడు చూసుకోలేడు.

పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠాన్నే తీసుకో. మీ పిల్లల్లో చాలామంది నిమ్మతోటల మధ్య పెరిగినవారు; నిమ్మరసంలో వంటసోడా వేస్తే ఎందుకు పొంగుతుందని పాఠానికి ముందే అడిగితే ప్రతివాడికీ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. గ్యాసు సోడాలోనే దాగి ఉందని ఒకరు, పుల్లటివన్నీ పొంగుతాయని మరొకరు అనవచ్చు. తప్పొప్పులు చెప్పకుండా, పేర్లు రాయకుండా ఆ మాటలన్నిటినీ ప్యానెల్ మీద వాళ్ల మాటల్లోనే రాసి, ఆ పేజీని భద్రపరచు. నిమ్మరసం, వంటసోడా కలిసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుందని, అది సున్నపుతేటను పాలలా తెల్లబరుస్తుందని ప్రయోగంలో చూశాక అదే పేజీని మళ్లీ తెరిచి, ఎవరి ఊహను వారు సరిదిద్దుకోమను. అక్కడ తొందరపడి నీవే వివరించవద్దు. తన పాత వాక్యం ముందు నిలబడి ‘ఇది ఎందుకు సరిపోదు’ అని పిల్లవాడు తడబడే ఆ రెండు నిమిషాలే మనకు కావలసినవి. కరెంటు లేని రోజున బల్లను నీ ఫోనుతో ఫోటో తీసుకున్నా ఇదే పని జరుగుతుంది.

రాయడానికి వెనకాడే పిల్లలకు గొంతు రికార్డు చేసే సౌకర్యం చాలా మేలు చేస్తుంది. పరీక్ష కాగితం మీద రెండు పంక్తులు దాటని పిల్లవాడు, ట్యాబ్ ముందు కూర్చుని లెక్కలో ఎక్కడ ఆగిపోయాడో నిమిషంపాటు చక్కగా చెప్పగలడు. మాటను అక్షరాలుగా మార్చే సాధనాలు తెలుగుకూ ఉన్నాయి గాని, ఈ పనికి అవి నాకు నచ్చవు. మన నెల్లూరు యాసను అవి తప్పుగా రాసినప్పుడు పిల్లవాడి ధ్యాస ఆలోచన మీది నుంచి అక్షరదోషాల మీదికి పోతుంది. ట్యాబ్‌లు తక్కువైతే వంతులవారీగా రోజుకు కొందరి చేత చెప్పించు. అయితే ఇది తరగతిలోనే జరగాలి. ఇంటికి పంపితే చాట్‌జీపీటీ వంటివి ఎంతో అందమైన పునరాలోచన రాసిపెడతాయి, అందులో పిల్లవాడు ఉండడు.

పరికరం కన్నా ప్రశ్నకే ఎక్కువ శ్రమపడాలి. ‘అర్థమైందా’ అంటే ‘అర్థమైంది టీచర్’ అని, ‘ఏం నేర్చుకున్నావు’ అంటే పాఠ్యపుస్తకంలోని వాక్యమే అప్పజెప్పినట్టు వస్తుంది. ‘ఏ మెట్టు దగ్గర ఆగిపోయావు? పాఠానికి ముందు అనుకున్నదాంట్లో ఏది నిలవలేదు? దేన్ని చూసి మార్చుకున్నావు?’ అని అడుగు. వారానికి ఒక్క ప్రశ్న చాలు. గూగుల్ ఫారంలో పది ప్రశ్నలు పెడితే అది మరో పరీక్షగా మారిపోతుంది.

నిరంతర సమగ్ర మూల్యాంకనంలో పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు అనే అంశం ఉన్నది కదా, దీనికే మార్కులు వేయవచ్చు కదా అని నీకు తోచవచ్చు. తమకు తెలియనిదాన్ని ఒప్పుకుంటూ చెప్పిన మాటలకు మాత్రం దయచేసి మార్కులు వేయకు. మార్కు ఉందని తెలిసిన మరుక్షణం పిల్లలు నీకు నచ్చే మాటలే చెబుతారు. వారు చెప్పింది నీవు విన్నావనడానికి రుజువు మరుసటి పాఠంలో కనబడాలి: ‘లిట్మస్ రంగు దగ్గర నలుగురు ఆగిపోయారు, అందుకే ఈరోజు అక్కడి నుంచి మొదలుపెడుతున్నాను’ అని పేర్లు ఎత్తకుండా చెప్పు. వినే తీరిక లేని వారం అసలు రికార్డు చేయించనే వద్దు. జవాబు రాని చోట పిల్లలు ఎంతోకాలం మనసు విప్పరు.

ఇక గోప్యత. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే లెక్కించి, వారి సమాచారం విషయంలో తల్లిదండ్రుల సమ్మతికి ప్రాధాన్యమిచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఒక పిల్లవాడు నమ్మి చెప్పిన మాటను తరగతి వాట్సాప్ గ్రూపులో వినిపించడం తగదు. హెడ్‌మాస్టరు గారితో ముందే మాట్లాడి, తల్లిదండ్రుల సమావేశంలో ఈ పని ఎందుకో వివరించి, రికార్డులు ఎవరు వింటారో చెప్పు. విద్యా సంవత్సరం చివర ప్రతి పిల్లవాడికీ తన తొలి రికార్డునూ చివరిదాన్నీ వరుసగా వినిపించాక వాటిని తొలగించు.

ముందు ఒక్క సెక్షన్‌తో, ఒక్క పాఠంతో మొదలుపెట్టు. మొదటి పక్షంలో నీవు అడిగిన ప్రశ్నలు నాకు రాసి పంపితే, వాటిని ఎలా మెరుగుపరచవచ్చో తిరిగి రాస్తాను. పిల్లల జవాబులు మాత్రం పంపనవసరం లేదు.

ఆశీస్సులతో,
మీ మామయ్య