మీ ప్రశ్నలు, మా జవాబులు: ఈ నెలంతా కొవాలా గోలే

పోయిన సంచికలో కంగారూల గురించి నాలుగు ముక్కలు రాసి, చివర్లో ఆస్ట్రేలియాలో చెట్ల మీద ఉండే కొవాలా అనే జంతువు పేరు ఒకసారి ఎత్తాను. అంతే, ఈ నెల మెయిళ్లలో సగానికి పైగా దాని గురించే. కొందరు కోలా అని, కొందరు కొవాలా అని రాశారు. ఎలా రాసినా పర్లేదు, కూల్‌డ్రింకు అనుకోకపోతే చాలు. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేసి జవాబులు ఇస్తున్నాను.

మా ఊరి చుట్టూ జామాయిల్ తోటలే. కొవాలాలు తినేది ఆ ఆకే అంటున్నారు కదా, నాలుగు తెచ్చి ఇక్కడ వదిలితే బతకవా?
– ఒక రైతు, అశ్వారావుపేట

ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆలోచిస్తే ఈ నెల వచ్చిన వాటిలో ఇదే మంచి ప్రశ్న అనిపించింది. ఎందుకంటే మీ జామాయిల్, మనం జలుబు చేస్తే రాసుకునే నీలగిరి తైలం చెట్టు, కొవాలా ఎక్కే చెట్టు, అన్నీ ఒకే కుటుంబం, యూకలిప్టస్. వీటి పుట్టిల్లు ఆస్ట్రేలియా వైపే. పేపరు మిల్లుల కోసం మన దగ్గర వేసే జామాయిల్‌లో ఎక్కువగా టెరెటికార్నిస్, కమాల్డులెన్సిస్ అనే రకాలు, వాటి సంకరాలు ఉంటాయి. ఈ రెండూ కొవాలా మేతే! ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో అయితే టెరెటికార్నిస్ అంటే వాటికి మహా ఇష్టం. అంటే మెనూ వరకు మీరన్నది కరెక్టే.

ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. యూకలిప్టస్‌లో ఏడు వందలకు పైగా జాతులున్నాయి, అందులో కొవాలా ముట్టేవి కొన్ని డజన్లే, ఒక్కో ప్రాంతంలో అయితే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా ఒకే జాతిలో కూడా ఈ చెట్టు ఆకు తింటుంది, పక్క చెట్టు ఆకు వాసన చూసి మొహం తిప్పేసుకుంటుంది, ఆకులో విషం పాళ్లు చెట్టుకీ చెట్టుకీ, నేలకీ నేలకీ మారతాయి కాబట్టి. అందుకే దానికి ఎంచుకోవడానికి రకరకాల వయసు చెట్లు, అందులో కొన్ని పెద్ద మానులు కావాలి. మీ తోటలో అన్నీ ఒకే క్లోను, ఒకే వయసు, నాలుగైదేళ్లకి ఒకసారి నేలమట్టం.

ఇంకోటి, ఎండ. కొవాలాకి ఒళ్లంతా దట్టమైన బొచ్చు, మనలా చెమట పట్టి చల్లబడే వీలు లేదు. మరి ఎండాకాలంలో ఏం చేస్తుందంటే, కిందికి దిగొచ్చి లావుపాటి మానుకి పొట్ట ఆనించి, కాళ్లూ చేతులూ వేలాడేసి పడుకుంటుంది. ఎందుకో 2014లో మెల్‌బోర్న్ పరిశోధకులు వేడిని చూపించే కెమెరాలతో కనిపెట్టారు, బాగా ఎండ కాసే రోజున చెట్టు మాను చుట్టూ ఉన్న గాలికన్నా చల్లగా ఉంటుంది. మనం మధ్యాహ్నం గచ్చు మీద బోర్లా పడుకోమూ, అదే. తొడలావు కూడా లేని మీ జామాయిల్ కర్రని పట్టుకుని అది అశ్వారావుపేట మే నెల దాటేయలేదండీ. అయినా ఒక దేశం జంతువుని ఇంకో దేశంలో వదిలితే ఏమవుతుందో ఆస్ట్రేలియా వాళ్లనే అడగండి, 1859లో వేట సరదాకి ఎవరో పెద్దమనిషి కొన్ని కుందేళ్లని వదిలాడు, ఇప్పటికీ వదలట్లేదు వాళ్లని ఆ పీడ.

ఇది ఎలుగుబంటి జాతేనా?
– చాలామంది

కాదు. కంగారూలా సంచి జంతువు. దగ్గరి చుట్టం వాంబాట్ అనే ఇంకో సంచి జంతువు. తొలిరోజుల్లో వచ్చిన తెల్లవాళ్లకి మొహం చూసి ఎలుగుబంటిలా అనిపించింది, ఆ పేరు ఇంకా వదల్లేదు.

మా అబ్బాయి సెలవులొస్తే రోజుకి పద్నాలుగు గంటలు పడుకుంటున్నాడు, కొవాలాలా తయారయ్యావని తిడుతుంటాను. ఆ ఆకులో మత్తు ఉంటుందట, అందుకే అది అలా పడి ఉంటుందట, నిజమేనా?
– ఒక గృహిణి, విజయవాడ

మత్తు మాట వట్టిది. ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ ప్రపంచమంతా తిరిగింది. కొవాలా రోజుకి 18 నుంచి 20 గంటలు కదలకుండా ఉండేది ఖర్చు తగ్గించుకోవడానికి. ఆ ఆకులో సగం నీళ్లే, మిగతాది పీచు, ప్రోటీను బహు కొద్ది, దాని మీద నూనెలూ టానిన్లూ విషాలూ. చాలా జంతువులు అది తింటే మంచాన పడతాయి. కొవాలాకి మాత్రం ఆ విషాన్ని విరిచే ఎంజైములు కాలేయంలో దండిగా ఉంటాయి. 2018లో దాని జన్యువులన్నీ చదివి చూస్తే, విషాన్ని విరగ్గొట్టే ఆ జన్యువులు మామూలుకన్నా చాలా ఎక్కువ ఉన్నాయని తేలింది.

విషం సంగతి అలా తేలింది, పీచు సంగతి? దానికి పేగుంది. మనకి పెద్దపేగు మొదట్లో చిన్న సంచిలాంటి భాగం ఉంటుంది, ఉండూకం (అపెండిక్స్) వేలాడేది దానికే. కొవాలాకి అదే భాగం రెండు మీటర్ల దాకా సాగి ఉంటుంది. దాని ఒంటి పొడవుకి రెండింతలకు పైమాటే! ఆకు అందులో రోజుల తరబడి నానుతుంది, లోపలి సూక్ష్మజీవులు నెమ్మదిగా పులియబెడతాయి, ఇంత తతంగం అయ్యాక వచ్చే శక్తి పిసరంత. రోజుకి అరకిలో నుంచి కిలో దాకా ఆకు నమిలినా మిగిలేది అంతే. ఆ జీతంతో సంసారం నడవాలంటే పడుకోవడమే మార్గం. ఇంకో మాట, ఆకు నమిలి నమిలి ముసలితనానికి పళ్లు అరిగిపోతాయి, అప్పుడు చెట్టునిండా ఆకు ఉన్నా పిండిగా నమలలేక, పొట్ట నిండినా బలం లేక చనిపోతాయి. అడవిలో ముసలి కొవాలా చావు చాలావరకు ఇలాంటిదే.

మీ అబ్బాయి తినేది అన్నం, పప్పు, వారానికోసారి బిర్యానీ. కాబట్టి వాడికి ఈ మినహాయింపు వర్తించదు, తిట్టండి.

కొవాలా పిల్ల తల్లి పెంట తింటుందని ఎక్కడో చదివాను. ఏడో తరగతి పిల్లలకి చెప్పబోతే క్లాసంతా ఛీ ఛీ అని గొడవ. అసలు నిజమేనా?
– ఒక టీచరు, పలాస

నిజమే మేడమ్, కానీ చెప్పే పద్ధతి ఒకటుంది. కొవాలా గర్భం 35 రోజులే. పుట్టినప్పుడు పిల్ల రెండు సెంటీమీటర్లు, గ్రాము బరువు కూడా ఉండదు, కళ్లుండవు, చెవులుండవు, చిక్కుడుగింజంత. అదే పాక్కుంటూ సంచిలోకి చేరి చనుమొన పట్టుకుని ఆరు నెలలు అక్కడే పెరుగుతుంది. ఇక బయటికి వచ్చి ఆకు తినాలి. తినాలంటే ఆ రెండు మీటర్ల పేగులో సూక్ష్మజీవులు ఉండాలి కదా, పాలు తాగే పిల్ల కడుపులో అవెక్కడివి? అందుకని తల్లి ఆ సమయంలో మామూలు గట్టి ఉండలు కాకుండా మెత్తగా, పలచగా, సూక్ష్మజీవులతో నిండిన ఒక పదార్థం వదులుతుంది, పాప్ అంటారు. పిల్ల సంచిలోంచి తల బయటికి పెట్టి దాన్ని తింటుంది. కంగారూ సంచిలా కొవాలా సంచి పైకి తెరుచుకోదు, మూతి కిందివైపుకి ఉంటుంది, ఈ పనికి అది బాగా కలిసొచ్చింది.

పిల్లలకి ఇలా చెప్పి చూడండి: అమ్మ పాలు కాచి, చల్లార్చి, నిన్నటి పెరుగు ఒక చెంచా వేస్తుంది కదా, అదే ఇది. తల్లి పిల్ల కడుపుకి తోడు వేస్తోంది. ఆ తోడు పడకపోతే ఆకు అరగదు, పిల్ల బతకదు. ఛీ అన్న నోళ్లు ఆగకపోతే నాకు రాయండి.

దాని వేలిముద్రలు మనిషివిలాగే ఉంటాయటగా?
– ఒక కానిస్టేబుల్, కర్నూలు

ఉంటాయి. 1990లలో అడిలైడ్ విశ్వవిద్యాలయం వాళ్లు చూస్తే మైక్రోస్కోపు కింద కూడా తేడా పట్టడం కష్టమైంది. ముందు చేతికి రెండు బొటనవేళ్లు కూడా ఉంటాయి, కొమ్మ పట్టు కోసం. దొంగతనం కేసులేవీ లేవు, నిశ్చింతగా ఉండండి.

మెల్‌బోర్న్‌లో ఉండే మా బావగారు, అడవిలోకి వెళ్తే డ్రాప్ బేర్ అనే పెద్ద కొవాలా చెట్టు మీంచి మీద పడి కరుస్తుందని, చెవుల వెనక వెజిమైట్ (అక్కడివాళ్లు బ్రెడ్డుకి రాసుకునే పేస్టు) రాసుకుంటే రాదని చెప్పారు. వచ్చే నెల మా ప్రయాణం, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

మీ బావగారు మిమ్మల్ని ఆటపట్టించారమ్మా. ఆస్ట్రేలియా వాళ్లు కొత్తగా వచ్చిన ప్రతివాళ్ల మీదా వేసే పాత జోకు ఇది, ఆస్ట్రేలియన్ మ్యూజియం కూడా మొహం సీరియస్‌గా పెట్టి దీనికో పేజీ రాసింది. వెజిమైట్ తిరుగు ప్రయాణంలో బావగారి చెవులకే రాసి రండి.

మా అమ్మాయి బ్రిస్బేన్‌లో ఉంటుంది. అక్కడ కొవాలాని ఎత్తుకుని ఫోటో దిగొచ్చా?
– ఒక రిటైర్డు ఉద్యోగి, హన్మకొండ

క్వీన్స్‌లాండ్‌లో చట్టం ఒప్పుకుంటుంది, కాబట్టి కొన్ని పార్కుల్లో కుదురుతుంది. సిడ్నీ ఉన్న న్యూసౌత్‌వేల్స్‌లో కుదరదు. బ్రిస్బేన్‌లోనే 1927 నుంచి ఉన్న లోన్ పైన్ శాంక్చురీ, ఎత్తుకునే ఫోటోలకి పెట్టింది పేరు, 2024లో ఆపేసింది, ఇప్పుడు పక్కన నిలబడి చూడటమే. నన్నడిగితే అదే మేలు. పైన చెప్పిన లెక్కంతా గుర్తు చేసుకోండి, నిద్ర లేపితే ఆ ఖర్చు దానికి ఎక్కడ పూడుతుంది?

కార్చిచ్చు నుంచి వచ్చిన కొవాలాకి ఒకావిడ సీసాతో నీళ్లు పట్టిస్తున్న వీడియో చూసి ఏడుపొచ్చింది. అసలు అవి నీళ్లే తాగవంటారుగా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి

తాగుతాయి. ఎక్కువ నీరు ఆకులోంచే వస్తుంది, కానీ వాన పడుతుంటే చెట్టు మాను మీద జారే నీటిని నాకుతాయని 2020లో సిడ్నీ పరిశోధకులు రాశారు. అవి వానలో ఏం చేస్తున్నాయో అంతవరకు తడుస్తూ కూర్చుని చూసినవాళ్లు తక్కువ మరి.

వీడియోలో ఆవిడ మనసు మంచిదే, పద్ధతే తప్పు. తల పైకెత్తి సీసాతో పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, అలా ప్రాణం మీదికి వస్తుంది. గిన్నెలో పోసి కింద పెట్టి, వన్యప్రాణి సహాయక బృందానికి ఫోన్ చేయమని అక్కడివాళ్లు చెబుతారు.

మొత్తానికి ఇవి అంతరించిపోతున్నాయా, లేదా? ఒకచోట అలా, ఒకచోట ఇలా రాస్తున్నారు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

రెండు రాతలూ నిజమే, అదే చిక్కు. ఉత్తరాన క్వీన్స్‌లాండ్, న్యూసౌత్‌వేల్స్, కాన్‌బెర్రా ప్రాంతాల్లో వీటిని 2022 ఫిబ్రవరిలో అంతరించే ప్రమాదమున్న జాబితాలోకి ఎక్కించారు. దక్షిణాన విక్టోరియాలో కొన్నిచోట్ల మాత్రం ఎక్కువైపోయి, చెట్లని బోడి చేసి, ఆకు దొరక్క అవే మాడుతున్నాయి. కంగారూ ద్వీపం అని ఒకటుంది, అక్కడ మొదట్లో కొవాలాలే లేవు. 1920లలో ఓ పద్దెనిమిదింటిని తెచ్చి వదిలారు. అవి వేలకి వేలై, ద్వీపానికే బరువై, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయాల్సి వచ్చింది, చివరికి 2019–20 మంటల్లో దాదాపు సగం ద్వీపం కాలిపోయింది.

పాత పాపం కూడా ఒకటుంది. బొచ్చు కోసం వీటిని లక్షల్లో చంపారు. 1927 ఆగస్టులో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఒక్క నెల వేటకి అనుమతిస్తే దాదాపు ఆరు లక్షల తోళ్లు వచ్చాయి. జనం తిట్టిపోశారు, ఆ తర్వాత మళ్లీ అనుమతివ్వలేదు. ఇప్పుడు తుపాకులు లేవు, వాటి బదులు రోడ్లూ ఇళ్లూ ఉన్నాయి. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి పోవాలంటే, మధ్యలో చెట్లు కొట్టేస్తే నేల మీద చాలా దూరం నడవాలి, నడిస్తే కారు, కారు తప్పితే కుక్క.

ఇవి చాలనట్టు క్లమీడియా అనే జబ్బు. కళ్లు పోతాయి, మూత్రనాళం పాడవుతుంది, ఆడవాటికి పిల్లలు పుట్టవు. యాంటీబయాటిక్ ఇస్తే తగ్గుతుందనుకోండి, కానీ పైన చెప్పిన తోడు గుర్తుందా? ఆ మందు కడుపులో తోడుని కూడా చంపేస్తుంది, జబ్బు తగ్గిన కొవాలా ఆకు అరగక చనిపోవచ్చు. అందుకే టీకా కోసం సన్‌షైన్ కోస్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు పదేళ్లకు పైగా కూర్చున్నారు, 2025 సెప్టెంబరులో దానికి అనుమతి వచ్చింది. ఒక్క డోసు చాలట. చెట్టు మీద ఉన్నదాన్ని దింపి రెండోసారి సూది వేయడమంటే మాటలా!

ఇంత చెప్పారు, మీరు ఎప్పుడైనా అడవిలో చూశారా? అది అరుస్తుందా, మూగదా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

చూశాను, విన్నాను కూడా. రెండేళ్ల కిందట డిసెంబర్‌లో మా అక్క కూతురి కుటుంబంతో మెల్‌బోర్న్ నుంచి సముద్రం ఒడ్డున కారులో పోతూ కెన్నెట్ రివర్ అనే చిన్న ఊళ్లో ఆగాం. రోడ్డు పక్క కొమ్మ పంగలో బూడిదరంగు మూట ఒకటి ఇరుక్కుని ఉంది. అరగంట మెడ నొప్పెట్టేలా చూస్తే ఒక్కసారి కదిలింది. చెయ్యి చాచి ఒక రెమ్మ లాక్కుంది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, వదిలేసింది. ఇంకో రెమ్మ, వాసన, వదిలేసింది. మూడోది నచ్చింది, కళ్లు మూసుకుని నమిలింది, మా అక్క రైతు బజార్లో బెండకాయలు ఏరినట్టే.

రాత్రి బస అక్కడే. పదిన్నరకి కిటికీ పక్కనే ఎవరో పాత బుల్లెట్ బండి స్టార్ట్ కాక కిక్కు కొడుతున్నట్టు, మధ్యలో పంది గుర్రుపెట్టినట్టు చప్పుడు. మా బావ టార్చి పట్టుకుని వెళ్లి చూసొచ్చాడు, చెట్టు మీద మగ కొవాలా, ఆడదాన్ని పిలుస్తోంది. అంత చిన్న జంతువుకి అంత లావు గొంతు ఎలాగా అని వచ్చాక వెతికాను. మన స్వరపేటికలో ఉండేవాటితో పాటు గొంతులో దానికి ఇంకో జత స్వరతంత్రులు ఉన్నాయని 2013లో కనుక్కున్నారట. రోజుకి ఇరవై గంటలు పడుకునేది ఆ రాత్రి రెండింటిదాకా మమ్మల్ని పడుకోనివ్వలేదు.