మర్నాడు ఒళ్లు నొప్పులు రాకపోతే చేసిన వ్యాయామం వృథాయేనా?

జిమ్‌లో చేరిన కొత్తలో వచ్చిన నొప్పులు ఇప్పుడు రావడం లేదనీ, నొప్పి లేదంటే కండకు పని పడలేదని తోటివారు అంటున్నారనీ, అందుకే సెట్లు, అంటే ఒక్కో వ్యాయామాన్ని వరసగా చేసే విడతలు, పెంచాలా అనీ మీరు అడిగారు. ఆ ఒక్క కారణంతో పెంచనక్కరలేదు. చాలా ఏళ్లుగా బరువులు ఎత్తుతున్న అనుభవంతోనూ, ఈ విషయం మీద శ్రద్ధగా చదివిన దానితోనూ ఈ మాట చెబుతున్నాను. మర్నాటి నొప్పి ముఖ్యంగా తెలిపేది ఆ పని మీ కండరానికి ఎంత కొత్తదో అన్న సంగతినే. ఆ పని వల్ల కండ పెరుగుతుందా, బలం వస్తుందా అన్నది దాన్నిబట్టి తేలదు.

బరువు ఎత్తేటప్పుడు కండరం కుంచించుకుంటుంది. అదే బరువును నెమ్మదిగా దించేటప్పుడు మాత్రం ఒకవైపు సాగుతూనే మరోవైపు బిగువు నిలుపుకోవాలి. ఈ రెండో పని అలవాటు లేని కండరపు పోగుల్లో కంటికి కనిపించనంత చిన్న దెబ్బలు తగులుతాయి, ఆ తర్వాత వాపు మొదలై అక్కడి నరాలు సున్నితమవుతాయి. అందువల్లే నొప్పి అప్పటికప్పుడు కాకుండా 12 నుంచి 24 గంటల తర్వాత మొదలై, రెండో రోజో మూడో రోజో ముదిరి, వారంలోపు తగ్గిపోతుంది. కండరం లోపలి చీలికలే ఇందుకు కారణం కావచ్చని అమెరికా శరీరధర్మ శాస్త్రజ్ఞుడు థియోడర్ హఫ్ 1902లోనే రాశారు. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం వల్ల నొప్పి వస్తుందని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు గానీ, వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలోనే ఆ ఆమ్లం మామూలు స్థాయికి వచ్చేస్తుంది కాబట్టి రెండు రోజుల తర్వాతి నొప్పిని దానికి అంటగట్టలేము.

ఈ తేడా నాకు బాగా తెలిసివచ్చింది తిరుమలలో. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేటప్పుడు గాలి గోపురం చేరేలోపే ఊపిరి అందక పలుమార్లు ఆగవలసి వచ్చింది, చొక్కా తడిసి ముద్దయింది. అయినా బస్సులో దిగివచ్చిన ఆ మొదటిసారి, మర్నాడు పిక్కల్లో కాస్త బరువు తప్ప మరేమీ తెలియలేదు. మరోసారి నడిచే దిగాము. మోకాళ్ల మీద భారం పడకుండా ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ, ఆయాసమన్నది లేకుండా కిందికి వచ్చాము. ఆ తర్వాత రెండు రోజులు తొడల ముందు భాగం ఎంతగా పట్టేసిందంటే, కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించక తప్పేది కాదు. గుండెకూ ఊపిరితిత్తులకూ అసలు శ్రమ ఎక్కడంలోనే ఉన్నా, నొప్పి తెచ్చింది మాత్రం దిగడమే.

అలవాటైన కొద్దీ నొప్పి ఎలా తగ్గుతుందో వ్యవసాయం చేసే ఇళ్లలో వేరే చెప్పనక్కరలేదు. మా ఊళ్లో వరినాట్లు మొదలైనప్పుడు, నాటు వేసే ఆడవాళ్లకు మొదటి రెండు మూడు రోజులు నడుమూ తొడల వెనక భాగమూ పట్టేసి, రాత్రి వేడినీళ్ల కాపడం పెట్టుకోనిదే నిద్రపట్టదు. వారం తిరిగేసరికి అదే పొలంలో, అదే వంపులో, పొద్దుగూకే దాకా పనిచేసినా ఆ బాధ ఉండదు. వారి పని తగ్గలేదు, కండరం తట్టుకోవడం నేర్చుకుంది. కొత్త వ్యాయామం ఒక్కసారి చేసినా చాలు, ఈ రక్షణ కొన్ని వారాలపాటు నిలుస్తుంది. పైగా తొలి వారాల్లో కండరం తయారుచేసుకునే ప్రోటీన్‌లో పెద్ద భాగం మరమ్మతుకే ఖర్చవుతుంది, ఆ దెబ్బలు తగ్గాకే అది పెరుగుదలకు ఎక్కువగా అందుతుంది. మీకిప్పుడు నొప్పులు తగ్గడం నా దృష్టిలో మంచి కబురే.

ఫలితం తెలుసుకోవడానికి నేను నమ్మేది నోటుపుస్తకాన్ని. ఏ రోజు ఎంత బరువు, ఎన్నిసార్లు, చివరి రెండు సార్లు ఎంత కష్టమనిపించింది అని రాసుకుంటాను. భుజాల మీద బరువుతో కూర్చుని లేచే స్క్వాట్‌లో 40 కిలోలతో ఎనిమిదిసార్లకే ఆగిపోయేవారు కొన్ని వారాల తర్వాత అదే బరువును పన్నెండుసార్లు సరైన తీరులో చేయగలిగితే, నొప్పి ఉన్నా లేకపోయినా బలం పెరిగినట్టే. నొప్పి కోసమే సెట్లు పెంచుకుంటూ పోతే పట్టేసిన కండరం కొన్ని రోజులపాటు తన పూర్తి బలం చూపలేదు, తర్వాతి వ్యాయామం బలహీనపడుతుంది, నడక తీరు మారి కీళ్ల మీద కూడా భారం పడుతుంది. కొద్దిపాటి నొప్పి ఉన్నప్పుడు తేలికగా నడవడంలో, తక్కువ బరువుతో చేయడంలో తప్పులేదు. కీలులో పొడిచినట్టుండే నొప్పి ఇలాంటిది కాదు, అది వస్తే ఆపేయాలి.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండండి. చాలాకాలం విరామం తర్వాత ఒక్కసారిగా విపరీతంగా చేసినప్పుడు, అందులోనూ ఎండవేడిలో చేసినప్పుడు, కండరం పెద్ద ఎత్తున దెబ్బతిని అందులోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలకు హాని చేయవచ్చు. భరించలేని నొప్పి, వాపు, చేయి గానీ కాలు గానీ ఎత్తలేనంత నీరసం, డికాక్షన్ రంగులో మూత్రం వీటిలో ఏది కనిపించినా ఇంట్లో నొప్పి మాత్రలు వేసుకుని ఊరుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, ఏ వ్యాయామం ఎంత చేశారో డాక్టరుకు చెప్పండి. క్రియాటిన్ కైనేజ్ అనే రక్తపరీక్షతో విషయం తెలుస్తుంది.